ఏడింటికి నేనే వచ్చి చెబుతాను

మా చెల్లి డాలస్‌లో ఉంటుంది. సొంత చెల్లెలు కాదు, నందిగామలో ఉండే మా బాబాయి కూతురు. నెలన్నర నుంచీ దానికి నిద్ర లేదు. దానికి లేదు కాబట్టి నందిగామలో పిన్నికి లేదు. పిన్నికి లేదు కాబట్టి జగ్గయ్యపేటలో అమ్మకి లేదు. అమ్మకి నిద్ర పట్టకపోతే తెల్లవారుజామున ఐదింటికల్లా నాకు ఫోన్ చేస్తుంది. కాబట్టి నాకూ లేదు!

‘‘దానికి మెయిలేమన్నా వచ్చిందంటా?’’

మెయిలంటే ఏమిటో అమ్మకి తెలీదు. కానీ అది రావాలని పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లికి మొక్కుకుంది. మొక్కు తీర్చడానికి తనను తీసుకెళ్లాల్సింది మాత్రం నేనట.

విషయమేమిటంటే... చెల్లి ఇక్కడ మైక్రోబయాలజీతో డిగ్రీ చేసింది. పెళ్లయ్యాక హెచ్-4 వీసా మీద అమెరికా వెళ్లింది. ఆ వీసా మీద వెళ్లినవాళ్లు చదువుకోవచ్చు గానీ అందరికీ ఉద్యోగం చేసే అనుమతి ఉండదు. మొదటి రెండేళ్లూ వంటింట్లో కూర్చుని కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టానని తనే చెబుతుంటుంది. ఆ తర్వాత నర్సింగ్ మీదకి మనసు మళ్లింది. ఇప్పటికే వేరే డిగ్రీ ఉన్నవాళ్లు మళ్లీ నాలుగేళ్లు చదవకుండా ఏడాది, ఏడాదిన్నరలో నర్సింగ్ డిగ్రీ పూర్తిచేసే కోర్సులు అక్కడున్నాయి. యాక్సిలరేటెడ్ బీఎస్‌ఎన్ అంటారు. 1971లో సెయింట్ లూయిస్ యూనివర్సిటీ ఇలాంటి కోర్సుకు శ్రీకారం చుట్టింది. దానిలో చేరాలంటే ముందుగా అనాటమీ, ఫిజియాలజీ, స్టాటిస్టిక్స్ లాంటి సబ్జెక్టులు పాసై ఉండాలి. చెల్లి అవన్నీ విడిగా కట్టి, పాసై, ఐదు చోట్ల దరఖాస్తు పెట్టింది.

రెండు కళాశాలలు కాదన్నాయి. ఒకటి వెయిటింగ్ లిస్టులో పెట్టింది. మిగిలిన రెండూ ఉలకవు, పలకవు.

మొన్న ఆదివారం పొద్దున్నే మా అక్కకి ఫోన్ చేసింది. అప్పుడక్కడ శనివారం రాత్రి. నేనూ అక్క పక్కనే ఉన్నాను.

‘‘పెద్దక్కా, నువ్వు కూడా ఇలాగే ఎదురుచూశావు కదా. అప్పట్లో ఎలా తట్టుకున్నావే?’’

అక్క నవ్వింది. ‘‘తట్టుకున్నానని నీకెవరు చెప్పారే?’’

పోస్టుమాన్ వచ్చే వేళ

అది 2003. అక్క జగ్గయ్యపేటలో బైపీసీతో ఇంటర్ పూర్తిచేసింది. నేనప్పుడు హైస్కూల్లో ఉన్నాను. బైపీసీ తీసుకున్న ప్రతి పిల్లా డాక్టరయిపోతుందని ఇంట్లోవాళ్లు అనుకునే రోజులు. ఎంసెట్ ర్యాంకు చూశాక ఆ ముచ్చట తీరిపోయింది. అక్క లెక్చరరొకరు నర్సింగ్ మాట ఎత్తారు. జీఎన్‌ఎం... అంటే జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ. ఖర్చు తక్కువ, చదువు అవగానే ఉద్యోగం.

నాన్న ఒప్పుకోలేదు. మిర్చి కమిషన్ కొట్టులో గుమస్తా ఆయన. ఊళ్లో పదిమంది మధ్య తిరిగే మనిషి. ‘‘రాత్రి డ్యూటీలు... మగ పేషెంట్లు... రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏం చెప్పుకోవాలి?’’ అన్నాడు. ఆ మాట నాన్న ఒక్కడిదే కాదు. బంధువులందరిదీ అదే పాట. ఎవరిదాకానో ఎందుకు... ఫ్లారెన్స్ నైటింగేల్ నర్సునవుతానంటే వాళ్లింట్లోనూ ఇదే గొడవ. ఆమె 1860లో లండన్‌లో నర్సుల కోసం బడి పెట్టేనాటికి పెద్దింటి ఆడపిల్లలు చేయదగ్గ పని కాదది.

మా ఇంట్లో ఆ గొడవకి ముగింపు పలికింది అమ్మమ్మ. మామూలుగా అల్లుడి ముందు నోరెత్తని మనిషి. ఆ రోజు మాత్రం వక్కాకు నములుతూ నెమ్మదిగా అంది... ‘‘నాకు పురిట్లోనే ఇద్దరు పోయారు నాయనా. నర్సమ్మ ఒకతి పక్కనుంటే బతికేవాళ్లేమో. నీ కూతురు ఇంకో ఇంట్లో ఆ పని చేస్తానంటుంటే ఎందుకయ్యా వద్దంటావు?’’ నాన్న లేచి బయటికెళ్లిపోయాడు. మర్నాడు దరఖాస్తుకి డీడీ తీశాడు.

గుంటూరులో ఒక నర్సింగ్ స్కూలుకి దరఖాస్తు పెట్టారు. మా వైపు నర్సు చదువంటే అందరి నోటా గుంటూరు మాటే వచ్చేది. 1883లో అమెరికా నుంచి వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ అక్కడ ఆడవాళ్లకి వైద్యం మొదలుపెట్టారు. 1898లో ఆసుపత్రి తెరిచారు. అప్పటినుంచీ ఆసుపత్రుల ఊరిగా దానికి పేరు. ఇంటర్వ్యూ అయ్యాక ‘ఉత్తరం రాస్తాం’ అన్నారట. అంతే. ఎప్పుడు రాస్తారో చెప్పలేదు.

ఇక మొదలైంది మా ఇంట్లో పోస్టుమాన్ పురాణం. ఆయన పదకొండు గంటలవేళ సైకిలు మీద మా వీధిలోకొచ్చేవాడు. పదిన్నరకే అక్క వాకిలి ఊడ్చేది. పొద్దున ఒకసారి ఊడ్చిన వాకిలే! ఆయన మా ఇల్లు దాటి వెళ్లిపోయాక చీపురు గోడకి ఆనించి లోపలికొచ్చేది. ఎవరితోనూ మాట్లాడేది కాదు. అలా నలభై రోజులు.

ఒకరోజు నేనో చెడ్డ పని చేశాను. తమాషాకి గుమ్మంలో నిలబడి గొంతు మార్చి ‘‘పోస్ట్’’ అని అరిచాను. పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది అక్క. నన్ను చూసి తిట్టలేదు, కొట్టలేదు. అక్కడే గడప మీద కూలబడి ఏడ్చింది. ఇన్నేళ్లయినా ఆ పిండి చేతులు నా కళ్లముందు నుంచి పోవు. ఎదురుచూసేవాళ్లతో వేళాకోళం ఆడకూడదని ఆ రోజే నేర్చుకున్నాను.

నాన్నా అదే సీజన్లో ఎదురుచూస్తున్నాడు, ఉత్తరం కోసం కాదు, నీళ్లకోసం. మా రెండెకరాలూ సాగర్ ఎడమ కాలువ చివరి భూముల్లో ఉన్నాయి. అవి కరువు రోజులు. సాగర్‌కే నీళ్లు లేకపోతే కాలువ చివరనున్న మెట్ట ప్రాంతానికెక్కడివి? అరుగు మీద కూర్చుని సాటి రైతులతో అంటుండేవాడు... ‘‘నీళ్లు ఇవ్వకపోతే ఇవ్వకపోయారు. ఇస్తారో ఇవ్వరో, ఎప్పటికి తేలుస్తారో చెబితే చాలు. నారు పోసుకోవాలో, పత్తి పెట్టుకోవాలో తేల్చుకుంటాం. ఏదీ చెప్పకపోతే రెంటికీ చెడతాం.’’

అప్పుడా మాట నా చెవికి పడిందంతే. లోపలికెళ్లలేదు. లోపలికెళ్లడానికి తొమ్మిదేళ్లు పట్టింది.

నలభయ్యొకటో రోజున ఉత్తరం వచ్చింది. సీటొచ్చింది. ఆ ఏడు మా పొలానికి నీళ్లు మాత్రం రాలేదు.

మధ్యలో ఒక్క పేరు

అక్క చదువు పూర్తయింది. ఓ ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరింది. ‘నర్సుకి సంబంధాలు రావు’ అన్న జోస్యం కూడా తప్పింది. 2008లో నందిగామ సంబంధం కుదిరింది. బాబాయి వాళ్లింటి వెనక వీధిలోనే అత్తారిల్లు. తెల్ల యూనిఫాం వేసుకుని బస్టాండుకి నడిచి వెళ్లే పెద్దక్కని చూస్తూనే మా డాలస్ చెల్లి పెరిగింది. ఆ తర్వాత అక్కకి బాబు పుట్టాడు.

అప్పుడొచ్చింది ఇంకో కోరిక. పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్. జీఎన్‌ఎం చేసి నర్సుగా పేరు నమోదైన వాళ్లకి, నాలుగేళ్ల డిగ్రీని రెండేళ్లలోనే ఇచ్చే కోర్సది. అమెరికాలో చెల్లి పట్టుకున్న దగ్గరి దారిలాంటిదే ఇక్కడ మనకూ ఉందన్నమాట. డిగ్రీ ఉంటే పై మెట్టు ఎక్కొచ్చు, నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెప్పొచ్చు. ప్రవేశాలు చూసేది విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం. 1986లో మొదలైంది. ఊరికి దగ్గరే, సీటుకే దూరం!

2011లో దరఖాస్తు పెట్టింది. సీటొస్తే ఉద్యోగం మానాలి. రెండేళ్లు జీతం ఉండదు. రెండేళ్ల పిల్లాణ్ని జగ్గయ్యపేటలో అమ్మ దగ్గర వదలాలి. బావ ‘నేను చూసుకుంటాలే’ అన్నాడు. అత్తగారు ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడంలో ఏముందో ఆడవాళ్లకి చెప్పక్కర్లేదు. సీటొస్తే చెప్పాల్సిన సమాధానాలన్నీ అక్క మనసులో సిద్ధం చేసి పెట్టుకుంది.

ఈసారి పోస్టుమాన్ లేడు. ఇంటర్నెట్ సెంటరొచ్చింది. డ్యూటీ దిగి నందిగామ బస్టాండులో బస్సు దిగడం, దారిలో నెట్ సెంటర్లో పది రూపాయలిచ్చి జాబితా పెట్టారేమో చూడటం, ఇంటికి రావడం. ఆ సెంటరు కుర్రాడికి అక్క ముఖం కనిపించగానే విషయం అర్థమయ్యేది. ‘ఇంకా పెట్టలేదక్కా’ అని గుమ్మంలోనే చెప్పేసి, ఆ పది రూపాయలూ మిగిల్చేవాడు.

పెట్టారు. వెయిటింగ్‌లో అక్కది రెండో పేరు. ముందు ఒక్కరే! ‘‘ఒక్క పేరేగా, వచ్చేస్తుందిలే’’ అన్నారంతా. అలా అనకుండా ఉంటే బాగుండేది. మొదటి పేరుకి సీటొచ్చింది. రెండో పేరు దాకా రాలేదు. ఎవరి తప్పూ కాదు. ముందున్నవాళ్లలో ఇంకొకరు ఎవరూ మానుకోలేదు, అంతే.

అక్క ఏమీ జరగనట్టు డ్యూటీకి వెళ్లింది. అయితే ఆ ఏడాది తను మారిపోయింది. ఆ మార్పు ఎటువైపో నాకు తర్వాత గానీ తెలీలేదు. విసుగు పెరిగింది. వార్డులో పేషెంటు తాలూకు మనిషి వచ్చి ‘ఎలా ఉందమ్మా’ అంటే ‘డాక్టరుగారినడగండి’ అనేసి ముందుకెళ్లిపోయేది. రాత్రిపూట ముప్పై, నలభై మంచాలకి ఒకళ్లో ఇద్దరో. సెలైన్లు, ఇంజెక్షన్లు, కేస్‌షీట్లు. అందులో ఎవరికని జవాబు చెబుతుంది? అనడానికి అది నిజమే. కానీ పూర్తి నిజం కాదని తనకీ తెలుసు.

ఆసుపత్రి వరండాలో

2012లో మళ్లీ దరఖాస్తు పెట్టింది. జాబితా ఇవాళో రేపో అంటుండగా ఒకరాత్రి నాన్న అన్నం తింటూ ముద్ద జారవిడిచాడు. మాట ముద్దగా వచ్చింది. మూతి పక్కకు పోయింది. అమ్మ ఫోన్ చేస్తే ‘పక్షవాతమే, ఆలస్యం చేయొద్దు, 108కి చెయ్యి’ అంది అక్క. అంబులెన్సు చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కింది. నందిగామలో అక్క అందులోనే ఎక్కింది. కీసర, కంచికచర్ల, ఇబ్రహీంపట్నం దాటి విజయవాడలో ఒక పెద్దాసుపత్రికి చేరేసరికి అర్ధరాత్రి. నేనప్పటికి జర్నలిజం డిప్లొమా పూర్తిచేసి విజయవాడలోనే డెస్కులో ట్రైనీగా ఉన్నాను. డ్యూటీ దిగి నేరుగా అక్కడికే వెళ్లాను.

నాన్నని ఐసీయూలోకి తీసుకెళ్లారు. మేం వరండాలో. ఆ తలుపు తెరుచుకున్నప్పుడల్లా వరండాలో ఉన్న ఇరవై ముప్ఫై మందీ ఒకేసారి లేచి నిలబడేవాళ్లం. బయటికొచ్చినవాళ్లు ఎవరి వంకా చూడకుండా వెళ్లిపోయేవాళ్లు. మళ్లీ అందరం కూర్చునేవాళ్లం. తెల్లారింది. మధ్యాహ్నమైంది. సంతకాలు అడిగారు, డబ్బు కట్టమన్నారు, మందులు తెమ్మన్నారు. మనిషి ఎలా ఉన్నాడో మాత్రం ఎవరూ చెప్పలేదు.

నేను అక్క వంక చూశాను. ఐదేళ్లుగా తలుపుకి అవతలివైపు పనిచేసిన మనిషి. తను కూడా అందరితోపాటే లేచి నిలబడుతోంది. అందరిలాగే వచ్చిన నర్సు ముఖంలో ఏముందోనని వెతుకుతోంది.

మధ్యాహ్నం షిఫ్టు మారింది. కాసేపటికి ఒక చిన్న పిల్ల బయటికొచ్చింది. ఇరవై రెండో, ఇరవై మూడో ఉంటాయి. ‘‘జగ్గయ్యపేట పేషెంటు తాలూకు ఎవరండీ?’’ అంది. వెళ్లాం. అమ్మ చెయ్యి పట్టుకుని చెప్పింది.

‘‘ఇప్పుడే ఏమీ చెప్పలేమమ్మా. స్కాన్ తీశారు. పెద్ద డాక్టరుగారు ఆరింటికి వస్తారు. ఆయన చూశాక, ఏడింటికి నేనే వచ్చి చెబుతాను. ఈలోగా మీరు ఏమన్నా తినిరండి. ఎవరన్నా పిలిస్తే నేను చూసుకుంటాను.’’

అంతే. అందులో నాన్న బాగున్నాడన్న మాట లేదు. బాగవుతాడన్న మాట కూడా లేదు. అయినా పొద్దుటినుంచీ మంచినీళ్లు ముట్టని అమ్మ లేచి క్యాంటీనుకి వచ్చింది. రెండు ఇడ్లీలు తింది.

సరిగ్గా ఏడింటికి తలుపు తెరుచుకుంది. ఆ పిల్లే. ‘‘డాక్టరుగారు ఇంకా రాలేదమ్మా, ఆపరేషన్లో ఉన్నారట. ఎనిమిదవ్వచ్చు. ఏడింటికి వస్తానన్నాను కదా, అందుకని వచ్చాను. నా డ్యూటీ దిగేలోపు తెలియకపోతే రాత్రి సిస్టరుకి మీ సంగతి అప్పచెప్పి వెళతాను.’’

అప్పుడు ఏడ్చింది మా అక్క. అంబులెన్సులో ఏడవలేదు. సంతకం పెట్టేటప్పుడు ఏడవలేదు. చెప్పడానికి ఏమీ లేదని చెప్పడానికి ఒక నర్సు వచ్చిందని ఏడ్చింది.

‘‘ఐదేళ్లు పనిచేశానే. ఒక్కరికంటే ఒక్కరికి నేనిలా చెప్పలేదు. తెలిసినప్పుడే చెప్పాలనుకున్నాను. తెలియనప్పుడే కదే చెప్పాల్సింది’’ అంది.

నాకు నాన్న అరుగు గుర్తొచ్చింది. ఇస్తారో ఇవ్వరో, ఎప్పటికి తేలుస్తారో చెబితే చాలు...

నాలుగో రోజున అక్క మందుల షాపు దగ్గర క్యూలో ఉండగా నందిగామ నెట్ సెంటర్ నుంచి బావ ఫోన్ చేశాడు. సీటొచ్చింది. ‘‘సరే’’ అని పెట్టేసిందట! సాయంత్రం నాన్న మంచం దగ్గరకెళ్లి చెవిలో చెప్పింది. నాన్నకి ఇంకా మాట సరిగా రావడం లేదు. కళ్లు తెరిచి, కష్టం మీద కూడబలుక్కుని అడిగాడు... ‘‘నీళ్లొచ్చాయా?’’

‘‘వచ్చాయి నాన్నా’’ అంది అక్క.

నాన్న కోలుకున్నాడు. ఎడమచెయ్యి మాత్రం పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు.

కొరత ఉంది... సీటు లేదు

ఇప్పుడు అక్క నర్సింగ్ స్కూల్లో ట్యూటర్. డాలస్ చెల్లి అడిగే ప్రశ్నలకి దగ్గర కూర్చుని సమాధానాలు చెబుతుంది. చెల్లి బాధ ఒకటే. ‘‘ఇక్కడ ఎవర్ని చూసినా నర్సులు చాలడం లేదంటారు. మరి చదువుతామంటే రానివ్వరేం పెద్దక్కా?’’

న్యాయమైన ప్రశ్నే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2023 నాటికి ప్రపంచంలో నర్సులు 2 కోట్ల 98 లక్షల మంది. ఇంకా 58 లక్షల మంది కావాలి. అమెరికా సంగతే చూస్తే, అన్ని అర్హతలూ ఉన్నా 2021లో అక్కడి నర్సింగ్ కళాశాలలు తిప్పిపంపిన దరఖాస్తులు 91,938. ఇవి డిగ్రీ, ఆపై కోర్సులన్నీ కలిపి.

ఎందుకని? అక్క చెప్పిన కారణం తేలిగ్గా అర్థమవుతుంది. నర్సింగ్ అనేది గదిలో బల్లలు పెంచితే పెరిగే చదువు కాదు. మంచం పక్కన నిలబడి నేర్చుకోవాలి. భారత నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల్లో ఒక్కో విద్యార్థికి ముగ్గురు రోగుల లెక్క ఉంటుంది. సీట్లు పెంచాలంటే ఆసుపత్రి మంచాలు కావాలి. నేర్పించే టీచర్లు కావాలి. ఆ టీచర్లు కూడా ఒకప్పుడు సీటు దొరికి చదువుకున్న నర్సులే కావాలి! అమెరికాలోనూ కళాశాలలు చెప్పే కారణాల్లో మొదట వినిపించేది టీచర్ల కొరతే. మన దగ్గర 2023 ఏప్రిల్లో కేంద్రం వైద్య కళాశాలల పక్కనే 157 కొత్త నర్సింగ్ కళాశాలలు పెట్టాలని నిర్ణయించి, 1,570 కోట్ల రూపాయలు కేటాయించింది. అందులోనూ పాఠాలు చెప్పేవాళ్లు ఎక్కడో ఒకచోట నుంచి రావాల్సిందే.

‘‘కాబట్టి నిన్ను కాదన్నారంటే నువ్వు పనికిరావని కాదు. నీకు నేర్పడానికి వాళ్ల దగ్గర మంచం పక్కన చోటు లేదని’’ అంది అక్క ఫోన్లో. ‘‘ఆ 91 వేలూ మనుషులు కాదు, దరఖాస్తులు. నువ్వొక్కదానివే ఐదు పెట్టావు కదా. అందరూ అంతే. నీకంటే ముందున్న అమ్మాయికి నాలుగు చోట్ల సీటొస్తే మూడు ఖాళీ చేయాల్సిందే.’’

అవతలి నుంచి ముక్కు చీదిన చప్పుడు. ఆ తర్వాత అక్క అసలు మాట చెప్పింది.

‘‘నువ్వొక పని చెయ్యి. పలకని ఆ రెండు కళాశాలలకీ, వెయిటింగ్‌లో పెట్టిన దానికీ మర్యాదగా ఓ మెయిల్ రాయి. సీటిస్తారా అని అడక్కు. ఏ తేదీలోగా చెబుతారు అని అడుగు. ఆ తేదీ దాకా ఫోన్ పక్కన పెట్టి నీ పని నువ్వు చూసుకో. నేను ఆ మాట అడగడం తెలీక రెండుసార్లు వాకిలి అరిగేలా ఊడ్చాను.’’

నా బల్ల మీది దొంతర

ఇదంతా పక్కన కూర్చుని వింటున్న నాకు మెల్లగా చెమటలు పట్టాయి. ఎందుకంటే... నేనూ జనాన్ని ఎదురుచూసేలా చేసే మనిషినే.

మా విభాగానికి ఎక్కడెక్కడి నుంచో వ్యాసాలు, అనుభవాలు పంపుతుంటారు. రిటైరైన మాస్టార్లు, ఇల్లాళ్లు, కాలేజీ పిల్లలు. కొందరు ఇప్పటికీ దస్తూరీతో రాసి, సొంత చిరునామా రాసిన కవరు జతచేసి మరీ పంపుతారు. బాగున్నవి తీసుకుంటాం. మిగతావి? చదవాలి, చెప్పాలి అనుకుంటూనే బల్ల మీద ఓ మూలకి చేరతాయి. నా ఇన్‌బాక్సులోనూ అలాంటి మూల ఒకటుంది. ‘మీరు చూశారా మేడం?’ అని ఓ పెద్దాయన రాసిన మూడో మెయిల్‌కి కూడా నేను జవాబివ్వలేదు. చూడలేదని చెప్పడానికి మొహమాటం. చూశాక చెబుదాంలే అనుకున్నాను. తెలిశాకే చెప్పాలనుకున్న మా పాత అక్కలాగే.

వాళ్లలో ఎవరు పదకొండింటికి వాకిలి ఊడుస్తున్నారో నాకేం తెలుసు?

సోమవారం పొద్దున్నే ఆఫీసుకెళ్లి ఆ దొంతర కిందకి దించాను. అన్నీ ఒక్కరోజులో చదవడం అయ్యే పని కాదు. అందుకే చదవకముందే జవాబులు రాశాను. ‘మీ రచన అందింది. ఇంకా చదవలేదు. ఫలానా తేదీలోగా సంగతి చెబుతాను.’ మూడు ముక్కలే. మధ్యాహ్నానికల్లా ఆ పెద్దాయన ఫోన్ చేశారు. వేసుకుంటానని నేనేమీ అనలేదు. అయినా ఆయన గొంతులో ఎంత సంతోషమో! ‘‘చేరిందో లేదో అనుకున్నానమ్మా. చేరింది కదా, ఇక చాలు’’ అన్నారు.

అక్క తన విద్యార్థినులకి మొదటి రోజు ఇంజెక్షన్ గురించి చెప్పదట. వార్డు బయటికి తీసుకెళ్లి, బల్లల మీద కూర్చున్నవాళ్లని ఓ గంటసేపు చూడమంటుందట. తర్వాత ఒక్క వాక్యం నేర్పుతుంది. ఇప్పుడే చెప్పలేం, ఇన్నింటికి తెలుస్తుంది, నేనే వచ్చి చెబుతాను. ‘‘వస్తానని రాకపోతే మాత్రం అసలు చెప్పకపోవడమే నయం’’ అని కూడా చెబుతుందట. ఆ వాక్యాన్ని తనకి నేర్పిన చిన్న పిల్ల పేరు మాత్రం అక్కకి ఇప్పటికీ తెలీదు. ఆ గాభరాలో అడగలేదు.

నిన్న చెల్లి ఫోన్ చేసింది. పలకని రెండింటిలో ఒకటి పలికింది. సీటిచ్చామని కాదు. వచ్చే నెల పదిహేనులోగా ఏ సంగతీ చెబుతామని రాశారట. వెయిటింగ్ లిస్టువాళ్లు కూడా తేదీ చెప్పారు. ఇంకొకరు ఇంకా పలకలేదు.

‘‘అయితే ఏమంటావే?’’ అన్నాను.

‘‘ఏమంటాను... రాత్రి ఎనిమిది గంటలు నిద్రపోయాను చిన్నక్కా’’ అంది.

ఇవాళ పొద్దున ఐదింటికి అమ్మ ఫోన్ రాలేదు.